క్లాడెట్‌ను ఎందుకు పక్కన పెట్టారు?

రోజా పార్క్స్ పేరు మన ఉపాధ్యాయులకు కొత్త కాదు. ఎన్‌సీఈఆర్‌టీ వారి పాత ఏడో తరగతి సాంఘిక శాస్త్రంలో, సమానత్వం పాఠంలో ఆమె బొమ్మ ఉంది, కొద్ది వాక్యాల కథ ఉంది. రోజంతా పని చేసి అలసిపోయిన ఒక నల్లజాతి మహిళ, 1955 డిసెంబర్ 1న, బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనంది, దాంతో పెద్ద ఉద్యమం పుట్టింది అని ఆ కథ సారాంశం. క్లాసులో చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. పిల్లలకు నచ్చుతుంది కూడా.

ఆ కథలో రెండు లోపాలున్నాయి. మొదటిది చిన్నది. ఆ రోజు తన ఒళ్లేమీ అలసిపోలేదని, లొంగి లొంగి మనసు విసిగిపోయిందని రోజా పార్క్స్ తన ఆత్మకథలో తానే చెప్పుకున్నారు. అప్పటికి ఆమెకు 42 ఏళ్లు. నల్లజాతి ప్రజల హక్కుల కోసం పనిచేసే జాతీయ సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి.కి, అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీ నగర శాఖలో 1943లోనే కార్యదర్శి అయ్యారు. 1955 వేసవిలో టెన్నెసీలోని హైలాండర్ పాఠశాలకు పోయి, జాతి వేర్పాటును ఎలా ఎదిరించాలో శిక్షణ తీసుకుని వచ్చారు. పుస్తకం ఆమెను అలసిన కూలి మనిషిగా చూపిస్తుంది. ఆమె పన్నెండేళ్ల అనుభవం ఉన్న కార్యకర్త.

రెండో లోపం పెద్దది. ఆ ఏడాది ఆ ఊరి బస్సులో సీటు ఇవ్వనన్నందుకు అరెస్టయిన మొదటి మనిషి ఆమె కాదు. తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల బడిపిల్ల అరెస్టయింది. అక్టోబర్ 21న మేరీ లూయిస్ స్మిత్ అనే 18 ఏళ్ల అమ్మాయి అరెస్టయింది. అవే బస్సులు, అదే చట్టం, అదే తప్పు. ఆ రెండుసార్లూ ఊరు కదల్లేదు, మూడోసారి కదిలింది. ఎందుకు?

ఊరు కదలకపోవడానికి ఊరొక్కటే కారణం కాదు. ఏ అన్యాయాన్ని జనం ముందు పెట్టాలి, దేన్ని పెద్దమనుషుల మధ్యే సర్దేయాలి అని నిర్ణయించే కొద్దిమంది ప్రతి సమాజంలోనూ ఉంటారు. మాంట్‌గొమరీలో నల్లజాతి నాయకులు ఆ ఎంపిక ఎలా చేశారో చూడడం మనకు అవసరం. మన పిల్లల్లో రేపు సంఘం నడపబోయేవాళ్లున్నారు.

ముందు క్లాడెట్ సంగతి చూద్దాం. ఆమె కింగ్ హిల్ అనే పేదల పేటలో పెరిగింది. పెంచిన తల్లి తెల్లవారి ఇళ్లలో పనిమనిషి, తండ్రి వాళ్ల పచ్చిక కోసేవాడు. ఆమె చదివిన బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో మిస్ నెస్బిట్ అనే టీచరు రాజ్యాంగం చెప్పేవారు, నల్లజాతి చరిత్ర చెప్పేవారు. బానిసలను తప్పించి తీసుకుపోయిన హారియెట్ టబ్‌మన్ గురించి, సొజర్నర్ ట్రూత్ గురించి ఆ పిల్లలకు తెలుసు. ఇంకొకటీ తెలుసు. వాళ్ల బడిలోనే చదివిన జెరమయా రీవ్స్ అనే కుర్రాడిని 1952లో, 16 ఏళ్ల వయసులో, తెల్లజాతి స్త్రీని చెరిచాడన్న ఆరోపణతో పట్టుకుపోయి మరణశిక్ష వేశారు. 1958లో ఆ శిక్ష అమలు చేశారు కూడా. క్లాడెట్ కోపానికి మొదటి పాఠం ఆ కేసే.

ఆ బస్సుల్లో పద్ధతి ఇది. ముందు పది సీట్లు తెల్లవారివి. ఆ సీట్లు నిండిపోయి ఇంకొక్క తెల్లమనిషి ఎక్కితే, వెనక వరసలో కూర్చున్న నల్లవాళ్లు నలుగురూ లేవాలి. ఒకరు లేస్తే చాలదు. తెల్లవాళ్లతో ఒకే వరసలో కూర్చోవడమే నేరం కనుక వరసంతా ఖాళీ చేయాలి. క్లాడెట్ లేవలేదు. టిక్కెట్టు కొన్నాను, ఇది నా హక్కు అంది. ఇద్దరు పోలీసులు ఎక్కి ఆమెను ఈడ్చి దించి, చేతులకు బేడీలు వేసి, పెద్దవాళ్లను పెట్టే జైల్లో పెట్టారు. మూడు నేరాలు మోపారు. వేర్పాటు చట్టం అతిక్రమించడం, శాంతికి భంగం కలిగించడం, పోలీసుల మీద దాడి చేయడం.

మొదట్లో నాయకులు ఊరుకున్నారనడం న్యాయం కాదు. ఫ్రెడ్ గ్రే అనే 24 ఏళ్ల నల్లజాతి లాయరు ఆమె తరఫున నిలబడ్డారు. నాయకుల బృందం ఒకటి పోలీసు కమిషనరునూ బస్సు కంపెనీ మేనేజరునూ కలిసింది. అప్పుడే ఆ ఊరికి కొత్తగా వచ్చిన 26 ఏళ్ల పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ అందులో ఒకరు. మర్యాదగా మాట్లాడారు, హామీలిచ్చారు. హామీలు ఎటుపోయాయో మనకు చెప్పనక్కరలేదు, ఐటీడీఏ గడప తొక్కినవాళ్లకు ఆ రకం హామీలు బాగా తెలుసు.

బస్సులు బహిష్కరిద్దామన్న ఆలోచన అప్పటికే ఉంది. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్ మహిళా రాజకీయ మండలి అధ్యక్షురాలు. ఇలాగే సాగితే బహిష్కరణ తప్పదని 1954 మే నెలలోనే ఆమె నగర మేయరుకు ఉత్తరం రాశారు. క్లాడెట్ అరెస్టుతో ఆ మండలి స్త్రీలు సిద్ధమయ్యారు. ఇప్పుడు కాదు అన్నవాళ్లలో ముఖ్యులు ఇ.డి. నిక్సన్. రైలు స్లీపరు బోగీల్లో పోర్టరు పని చేస్తూ, పోర్టర్ల యూనియనులో రాటుదేలిన మనిషి. పెద్దగా చదువుకోలేదు. ఎవరికి పోలీసులతో ఇబ్బంది వచ్చినా ముందు ఆయన తలుపే కొట్టేవారు. ఆయన కావాలన్నది గెలవగలిగిన కేసు, కోర్టులో తెల్ల లాయర్లు వేలెత్తి చూపలేని మనిషి.

ఆయన లెక్క తప్పని కొట్టిపారేయలేం. మే నెలలో అప్పీలు విన్న జడ్జి తెలివిగా వేర్పాటు చట్టం నేరాన్నీ శాంతిభంగం నేరాన్నీ కొట్టేసి, పోలీసుల మీద దాడి నేరాన్ని మాత్రం ఉంచాడు. దాంతో ఆ కేసు పట్టుకుని వేర్పాటు చట్టాన్ని పై కోర్టులో సవాలు చేసే దారి మూసుకుపోయింది. మిగిలింది పోలీసుల్ని గోళ్లతో రక్కిన పిల్ల అన్న కథ. ఓడిపోయే కేసు మీద యాభై వేల మంది నల్లజనాన్ని నెలల తరబడి నడిపించగలమా అని నాయకుడు ఆలోచించడం తప్పు కాదు. ఆ ఊళ్లో ఓడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. బహిష్కరణ మొదలయ్యాక 1956 జనవరి 30న కింగ్ ఇంటి మీద బాంబు వేశారు, రెండు రోజులకు నిక్సన్ ఇంటి మీద వేశారు. ఇవాళ ఫ్యాను కింద కూర్చుని ఆయన్ను పిరికివాడనడం సులువు. మేం ఆ పని చేయడం లేదు.

అయితే చట్టం కారణం ఒక్కటే కాదు. ఆ పిల్లది పేదల పేట. మనిషి నలుపు. జుట్టు సాపు చేయించుకోదు. నోరు ఊరుకోదు. వయసు చిన్నది, కోపం పెద్దది. ఒంటి రంగూ పేదరికమూ తన విషయంలో లెక్కలోకి వచ్చాయని క్లాడెట్ పెద్దయ్యాక చాలాసార్లు చెప్పారు. మేరీ లూయిస్ స్మిత్ విషయంలో ఇంకా ఘోరం. ఆమె తండ్రి తాగుబోతు, అలాంటి ఇంటి పిల్లను ముందు పెట్టలేం అన్నారు. ఆ మాట అబద్ధమని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. నిజమే అనుకుందాం, తండ్రి తాగితే బస్సులో కూతురి సీటు తెల్లవాళ్లదవుతుందా? మన పెద్దమనుషుల నోట ఇలాంటి తర్కం ఎన్నిసార్లు వినలేదు!

ఇక్కడ ఒక పుకారును సరిచేయాలి. క్లాడెట్ పెళ్లి కాకుండా గర్భవతి అయింది కాబట్టి పక్కన పెట్టారని చాలాచోట్ల రాస్తారు. తేదీలు చూడండి. అరెస్టు మార్చి 2న. ఆమె గర్భవతి అయింది ఆ వేసవిలో, తనకంటే చాలా పెద్దవాడైన పెళ్లయిన మగాడి వల్ల. కొడుకు పుట్టింది 1956 మార్చిలో. ఆమెను ముందు పెట్టకూడదన్న ఊగిసలాట అంతకుముందే మొదలైంది. గర్భం ఆ నిర్ణయానికి తర్వాత దొరికిన సమర్థన. ఈ తేడా చిన్నది కాదు. తేదీలు తారుమారు చేస్తే తప్పంతా ఆ పిల్ల ఒంటి మీద పడుతుంది, నిర్ణయించినవాళ్ల మీద ప్రశ్నే రాదు. ఆ వేసవిలో 15 ఏళ్ల పిల్లకు ఒక పెద్ద మగాడి వల్ల జరిగింది కూడా అన్యాయమే కదా అని ఆ పుకారు రాసేవాళ్లకు తోచదు.

డిసెంబర్ 1న రోజా పార్క్స్ అరెస్టయ్యారు. నిక్సన్‌కు కావలసిన మనిషి దొరికారు. నెమ్మదస్తురాలు, పెళ్లయినావిడ, చర్చికి పోతుంది, సంఘం పని తెలుసు, నోరు జారదు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ కాలేజీలో స్టెన్సిల్ మీద కరపత్రం తయారుచేసి, ఇద్దరు విద్యార్థుల సాయంతో తెల్లవారేలోగా వేల కాపీలు తీశారు. ఆ కరపత్రంలో క్లాడెట్ ప్రస్తావన ఉంది. కానీ పేరు తప్పు పడింది. కాల్విన్ అని ఉండాల్సిన చోట కోల్బర్ట్ అని అచ్చయింది. క్లాడెట్ కోల్బర్ట్ అప్పట్లో హాలీవుడ్ సినిమా తార. తొమ్మిది నెలల ముందు జైలుకు పోయిన పిల్ల పేరు, ఆమె కోసం సిద్ధమైన మనిషి చేతిలోనే సినిమా తార పేరైపోయింది. రాత్రంతా మేలుకుని చేసిన పనిలో అచ్చుతప్పులు సహజమే. అయినా కొన్ని అచ్చుతప్పులు చాలా మాట్లాడతాయి.

డిసెంబర్ 5 నుంచి నల్లవాళ్లు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు. నడిచారు, కార్లు పంచుకున్నారు. వంటమనుషులు, చాకిరీ చేసేవాళ్లు, ముసలివాళ్లు చలిలో మైళ్లు నడిచారు. కింగ్ నాయకుడయ్యారు. ఈ భాగం మీకు తెలుసు.

తెలియని భాగం కోర్టులో ఉంది. బస్సుల్లో వేర్పాటును రద్దు చేయించింది రోజా పార్క్స్ కేసు కాదు. ఆమె అప్పీలు రాష్ట్ర కోర్టుల్లో చిక్కుకునే ప్రమాదం ఉందని ఫ్రెడ్ గ్రే 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ కోర్టులో వేరే కేసు వేశారు. దాని పేరు బ్రౌడర్ వర్సెస్ గేల్. అందులో వాదులుగా అరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కాల్విన్ ఉన్నారు. ఐదో ఆవిడ బెదిరింపులకు భయపడి తప్పుకున్నారు. చూశారా, ఊరేగింపుకు పనికిరారన్న ఇద్దరు అమ్మాయిలూ కోర్టు బోనుకు పనికొచ్చారు. తెల్ల లాయరు ప్రశ్నలకు నిలబడలేరన్నదే కదా మొదటి అభ్యంతరం! మే 11న క్లాడెట్ సాక్ష్యం చెప్పింది. ఇంట్లో రెండు నెలలు కూడా నిండని బిడ్డ. నగరం తరఫు లాయరు, మీ అందరినీ రెచ్చగొట్టింది కింగ్ అనిపించాలని, మీ నాయకుడెవరని తిప్పి తిప్పి అడిగాడు. మా నాయకులం మేమే అని ఆ పిల్ల జవాబు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు జూన్ 5న వేర్పాటు చెల్లదన్నారు. నవంబర్ 13న సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. డిసెంబర్‌లో జనం మళ్లీ బస్సులెక్కారు, ఈసారి నచ్చిన సీట్లో.

కేసు గెలిచాక క్లాడెట్‌కు ఏమైంది? బడి మధ్యలో ఆగిపోయింది. ఊళ్లో గొడవపిల్ల అన్న పేరు మిగిలింది, పని దొరకలేదు. 1958లో న్యూయార్క్ వెళ్లిపోయి, వృద్ధుల ఆశ్రమంలో ఆయాగా దశాబ్దాల పాటు రాత్రి డ్యూటీలు చేసింది. పక్కన పనిచేసేవాళ్లకు కూడా ఆమె ఎవరో తెలియదు.

మా విమర్శ ఇక్కడ మొదలవుతుంది. నాయకులు ఒకే మాటతో మూడు వేరువేరు పనులు చేశారు. కోర్టుకు ఎవరి కేసు తీసుకుపోవాలి అన్నది ఒక ప్రశ్న. దానికి చట్టం తెలిసినవాళ్లు జవాబు చెప్పాలి, ఎంచుకోక తప్పదు. జనం ముందు ఎవరి ముఖం పెట్టాలి అన్నది ఇంకో ప్రశ్న. దానికి ఎత్తుగడ కావాలి, ఎంపిక ఉంటుంది, దాని మీద వాదించుకోవచ్చు. దెబ్బ తిన్న మనిషి పక్కన ఎవరు నిలబడాలి అన్నది మూడోది. ఈ మూడో దానిలో ఎంపిక ఉండకూడదు. ఆమె మనపిల్ల, అంతే. క్లాడెట్‌ను మొదటి రెండింటిలో పక్కన పెట్టినందుకు మేం వాళ్లను తప్పుపట్టం. మూడోదాంట్లో కూడా పక్కన పెట్టారు, అదే వాళ్ల లోపం. పక్కన పెడుతున్నామని, ఇందుకు పెడుతున్నామని ఆమెతో కూర్చుని చెప్పినవాళ్లు లేకపోవడం దానికంటే పెద్ద లోపం. చెప్పకపోతే ఆ పిల్ల ఏమనుకుంటుంది? తప్పు నాలోనే ఉంది అనుకుంటుంది.

ఇందులో రోజా పార్క్స్‌ను వేరుగా చూడాలి. క్లాడెట్‌ను సంఘం యువజన విభాగంలోకి రానిచ్చి దగ్గరకు తీసింది ఆమే. ఎంపిక చేసేవాళ్ల పక్షాన ఉండి కూడా ఎంపిక కాని స్త్రీల కోసం తిరిగిన మనిషి ఆమె. 1944 సెప్టెంబర్‌లో అలబామాలోని అబ్బివిల్‌లో రీసీ టేలర్ అనే 24 ఏళ్ల తల్లిని, చర్చి నుంచి ఇంటికి నడిచి వస్తుండగా, తెల్ల కుర్రాళ్లు తుపాకి చూపించి ఎత్తుకుపోయి చెరిచారు. సంఘం తరఫున విచారణకు వెళ్లింది రోజా పార్క్స్. ఆమె, తోటివాళ్లు దేశమంతా కదిలేలా న్యాయ సాధన కమిటీ పెట్టారు. రెండు గ్రాండ్ జ్యూరీలూ నేరారోపణకే ఒప్పుకోలేదు. 2011లో అలబామా శాసనసభ క్షమాపణ చెప్పింది. అదీ ఓడిన కేసే. ఓడుతుందని తెలిసీ ఎత్తుకున్నారు. కనుక గెలిచే కేసే ఎత్తుకోవాలన్నది ఆ సమాజంలో కూడా రాసిపెట్టిన సూత్రమేమీ కాదు.

నల్లజాతి నాయకత్వంలో ఈ జంకు మాంట్‌గొమరీ కంటే పాతది. 1931 మార్చి 25న అలబామాలో గూడ్సు బండి ఎక్కి పని కోసం తిరుగుతున్న తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను, ఇద్దరు తెల్ల అమ్మాయిలను చెరిచారని పట్టుకున్నారు. స్కాట్స్‌బరో అనే చిన్న ఊళ్లో రెండు వారాల్లో ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. మానభంగం కేసు, చదువురాని దేశదిమ్మరి కుర్రాళ్లు, ఒకవేళ నిజంగానే చేసి ఉంటే సంఘం పరువేం కాను అని ఎన్.ఏ.ఏ.సి.పి. పెద్దలు తటపటాయించారు. ఈలోగా కమ్యూనిస్టుల న్యాయ సహాయ సంస్థ ఆ కుర్రాళ్ల తల్లుల దగ్గరకు నేరుగా పోయి కేసు చేపట్టింది. ఆ సంస్థకు తన లెక్కలు తనకున్నాయి, అది వేరే చర్చ. కానీ వాళ్లు తలుపు తట్టారు, తల్లులు తలుపు తీశారు. ఇద్దరమ్మాయిల్లో ఒకరు 1933లో అసలేమీ జరగలేదని కోర్టులో చెప్పారు. ఆ కేసు వల్లే 1932లో సుప్రీంకోర్టు, మరణశిక్ష పడే కేసుల్లో నిందితుడికి సరైన లాయరు ఉండి తీరాలంది. 1935లో జ్యూరీల నుంచి నల్లవాళ్లను తప్పించడం చెల్లదంది. పరువు తక్కువ కేసు దేశంలో పేదలందరికీ రక్షణ తెచ్చిపెట్టింది.

సరే, పరువున్న మనిషినే ముందు పెడితే లోకం కదులుతుందా? అదీ లేదు. 1955లోనే మిసిసిపీలో రెవరెండ్ జార్జ్ లీని మే 7న కాల్చి చంపారు. పాస్టరు, కొట్టు నడిపేవాడు, నల్లవాళ్లను ఓటర్లుగా నమోదు చేయించేవాడు. వేలెత్తి చూపడానికేమీ లేదు. భార్య శవపేటిక తెరిచే ఉంచారు, ఛిద్రమైన ముఖం ఫోటో నల్లజాతి పత్రికల్లో వచ్చింది. ఆగస్టు 13న లామార్ స్మిత్ అనే మరో ఓటుహక్కు కార్యకర్తను పట్టపగలు కోర్టు ఆవరణలో కాల్చారు. అమెరికా కదల్లేదు. అదే నెల 28న 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను చంపారు. షికాగోలో అతని తల్లి మామీ టిల్ పేటిక తెరవమన్నారు, తన బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలన్నారు. వేలమంది వరసకట్టి చూశారు. ఆ ఎంపిక సంఘం పెద్దలు చేసింది కాదు, తల్లి చేసింది. ఏది కదిలిస్తుందో ముందే తెలుసనుకునే నాయకుల అంచనాలు ఇంత దూరమే నడుస్తాయి.

ఇదంతా గడిచిన కాలమనుకోవద్దు. కేథీ కోహెన్ అనే నల్లజాతి రాజనీతి ఆచార్యురాలు 1999లో ఎయిడ్స్ మీద ఒక పుస్తకం రాశారు. ఎయిడ్స్ నల్లజనాన్ని చంపుతున్నా నల్లజాతి సంఘాలూ చర్చిలూ పత్రికలూ ఎందుకు ఆలస్యంగా నోరు విప్పాయన్నది ఆమె ప్రశ్న. చచ్చేవాళ్లలో స్వలింగ సంపర్కులు, సూదిమందు వ్యసనపరులు, వాళ్ల ఆడవాళ్లు ఉన్నారు. అందరికీ తగిలే అన్యాయమైతే సంఘం అది మన సమస్య అంటుంది. లోపలే చిన్నచూపు చూసే కొందరికి తగిలితే అది వాళ్ల సమస్య అంటుంది. బయటివాడి చేతిలో ఒకసారి, లోపలివాడి చేతిలో ఇంకోసారి వెలివేత. మేం చదివినవాటిలో ఈ విషయాన్ని ఇంత సూటిగా పట్టుకున్నవి తక్కువ.

2014లో కింబర్లీ క్రెన్‌షా, ఆమె సంస్థ కలిసి, పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతి ఆడవాళ్ల పేర్లు కూడా పలకండి అని ప్రచారం మొదలుపెట్టాల్సి వచ్చింది. 2020 మార్చి 13న లూయీవిల్‌లో బ్రియానా టేలర్‌ను అర్ధరాత్రి ఆమె ఇంట్లోనే పోలీసులు కాల్చి చంపారు. దేశానికి ఆమె పేరు రెండు నెలలు దాటాక గాని పట్టలేదు. మే 25న జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక అతను గతంలో జైలుకు పోయినవాడని ఎత్తిచూపినవాళ్లున్నారు. వీధిలోకి వచ్చిన యువకులు ఆ మాటకు తలవంచలేదు. మంచివాడా కాదా అని అడగలేదు, మెడ మీద మోకాలు ఎందుకు పెట్టారని అడిగారు. నిక్సన్ కాలానికి ఈ కాలానికి తేడా అక్కడ కనిపిస్తుంది.

ఇక మన దగ్గర. పోడు భూమిలోకి అటవీశాఖ జీపు వస్తే ఒక పూటలో గూడెం పోగవుతుంది. సంఘాలన్నీ వస్తాయి, కరపత్రం వస్తుంది. రావాలి కూడా. 1/70 చట్టం మీద సభ పెడితే మేం పిల్లల్ని తీసుకుని పోతాం. అదే గిరిజనేతరుడి మాట నమ్మి మోసపోయి కడుపుతో తిరిగొచ్చిన పిల్ల సంగతి అయితే, పంచాయితీ పెట్టి, ఇంత డబ్బు ఇప్పించి ముగిస్తారు. ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లకు ఏదైనా జరిగితే చేతికి టీసీ వస్తుంది. తాగి చనిపోయాడంటే ఆ చావు మీద విచారణ ఉండదు, వాడికి ఎవరు ఏం పోశారో అడిగేవాళ్లుండరు. బయట తెలిస్తే మన జాతి పరువు పోతుంది అనే మాట ఈ ప్రతిచోటా వినిపిస్తుంది. అది చెడ్డ మనసుతో అనే మాట కాదు. మనల్ని అనాగరికులనడానికి కాచుకుని ఉన్న లోకం ముందు నిలబడి అనే మాట. మాంట్‌గొమరీ పెద్దలు కూడా అలాంటి లోకం ముందే నిలబడ్డారు.

ఒక ఉదాహరణ చాలు. 1972లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక ఆదివాసీ బాలికను పోలీసు స్టేషన్లోనే చెరిచారన్న కేసులో, ఆమె నడవడిని లెక్కలోకి తీసుకుని, ఒంటి మీద గాయాలు లేవని చెప్పి, సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధిలోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. ఆ బాలిక ఏ కొలతకూ నిలిచే కేసు కాదు. ఓడిపోయిన కేసు కూడా. ఆ నలుగురూ పాఠాలు చెప్పుకునేవాళ్లే.

మన సంఘం మీటింగుల్లో తీర్మానాల పుస్తకం రాస్తాం. ఏ సమస్య మీద ధర్నా చేయాలో అందులో ఉంటుంది. ఏ సమస్య వద్దనుకున్నామో, ఎందుకు వద్దనుకున్నామో ఉండదు. అది కూడా రాయాలని మా ప్రతిపాదన. రాసింది ఆ ఇంటివాళ్లకు చదివి వినిపించాలి. ఫలానా కారణం వల్ల ఇప్పుడు రోడ్డెక్కలేకపోతున్నాం, కానీ ఆస్పత్రికీ స్టేషనుకూ మీ వెంట ఫలానావాళ్లు వస్తారు అని పేర్లతో చెప్పాలి. కారణం పలకడానికి నోరు రాకపోతే, ఆ కారణాన్ని ఇంకోసారి ఆలోచించాలి.

క్లాడెట్ విషయంలో ఆ మాట చెప్పేవాళ్లు ఎవరూ లేకపోవడం ఎంత దూరం పోయిందో చూడండి. 1955లో కోర్టు ఆమెను ప్రొబేషన్ మీద వదిలింది. అది ముగిసిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. న్యూయార్క్ నుంచి ఊరికి వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు భయపడేవారు. పోలీసుల మీద దాడి చేసిన నేరం ఆమె పేరు మీద అలాగే ఉండిపోయింది. 2021లో ఆమె తానే కోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ ఏడాది చివర్లో మాంట్‌గొమరీలో ఒక నల్లజాతి జడ్జి ఆ రికార్డు కొట్టేశారు. అప్పటికి ఆమెకు 82 ఏళ్లు.